తాడు సడలనివ్వని గుర్రం

నెల్డా ఫిచ్‌కి కావలసింది పరుగెత్తే గుర్రం కాదు. నిలబడే గుర్రం.

పరుగెత్తేవి నెవాడాలో ఏ దొడ్డిలోనైనా దొరుకుతాయి. కానీ ఆమె పని వేరు. కొండ మీద, సేజ్ పొదల మధ్య, కనుచూపు మేరలో మనిషన్నవాడు లేనిచోట, జబ్బుచేసిన ఆవు మెడకు తాడు విసరాలి. దాన్ని కింద పడెయ్యాలి. ఆ తర్వాత జీను మీంచి దిగి, మందుల సంచి పట్టుకుని ఆవు దగ్గరికి నడిచి వెళ్ళాలి. ఆ కాసేపు జీను మీద ఎవరూ ఉండరు. తాడు ఒక కొస జీను ముందుభాగాన పొడుచుకొచ్చిన కొమ్ముకి ఉంటుంది, రెండో కొస ఆవు మెడకి. ఆవు లేవబోతే గుర్రం తనంతట తాను ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. తాడు బిగువుగా ఉన్నంతసేపే ఆమె క్షేమం. సడలిందా, ఆవు లేస్తుంది. లేచిన ఆవుకి ముందు కనిపించేది మందు తెచ్చిన మనిషే.

డైమ్ అనే ముసలి గుర్రం ఆమెకు ఆ పని ఏళ్ళ తరబడి చేసి పెట్టింది. ఫిబ్రవరిలో అది మంచు మీద జారి ముందు కాలు విరగ్గొట్టుకుంది. తుపాకీ తీసింది నెల్డాయే. ఇంకెవరూ లేరు తియ్యడానికి.

ఆ సంగతి కింద ఆమె పనిచేసే పశువుల రాంచ్‌కి తెలిసిన వారంలోనే మేనేజర్ కార్ల్ డగెట్ పికప్ వేసుకుని, కొండ మీద ఆమె ఒక్కతే ఉండే క్యాంపుకి వచ్చాడు. ఆమె కంటే చిన్నవాడు, చెడ్డవాడు కాదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పోయిన ఏడు పక్క రాంచ్‌లో ఒకతను ఒంటరిగా ఆవుకి మందు వేస్తూ పోయాడు. గద్దలు తిరుగుతుంటే చూసి కనుక్కున్నారు. అలాంటిది తన హయాంలో జరగకూడదన్నాడు డగెట్. ఐడహో నుంచి ఒక మొగుడూ పెళ్ళాం పని అడుగుతున్నారట. ఇద్దరికీ తాడు విసరడం వచ్చట. క్యాంపు వాళ్ళకి ఇద్దామనుకుంటున్నాడట.

"నిన్ను వెళ్ళగొట్టడం లేదు నెల్డా. కింద వంటశాల పక్కన ట్రైలర్ ఇల్లు ఖాళీగా ఉంది. వేడి నీళ్ళున్నాయి. చుట్టూ మనుషులున్నారు."

"అదే కదా ఇబ్బంది," అంది నెల్డా.

డగెట్ నవ్వాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పశువుల్ని పచ్చిక మీదికి తోలే రోజున అతను మళ్ళీ వస్తాడు. తను చెయ్యి వెయ్యకుండా పక్కన నిలబడతాడు. ఆమె ఒక్కతే ఒక పశువుని పట్టి, కట్టి, మందు వేసి చూపించాలి. చూపిస్తే క్యాంపు ఆమెది. లేకపోతే ట్రైలర్.

నెల్డా ఈ క్యాంపుకి వచ్చింది మొగుడితో. అతని పేరు వెస్. రెండో చలికాలానికే ఈ నిశ్శబ్దం చెవుల్లో హోరుమంటోందని అతను విన్నెముక్కా అనే ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడ టైర్ల షాపులో చేరాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఉండిపోయింది. నిశ్శబ్దం ఆమెకూ వినపడేది. కానీ కింద నలుగురి మధ్య కూర్చున్నప్పుడు వినపడేదానికంటే ఇక్కడ తక్కువగా వినపడేది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. డైమ్‌కి చెప్పి ఉంటుంది. దానికి చాలా చెప్పేది.

మార్చి అంతా గుర్రాల కోసం తిరిగింది.

ఎల్కో సంతలో ఒక రోడియో పందేల కుర్రవాడి గుర్రం చూసింది. దూడ మెడకు తాడు పడగానే అది ఆగిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. దూడ కాళ్ళు కట్టేంతవరకు గోడలా నిలబడింది. కట్టడం అవగానే వదులైపోయి, చప్పట్ల కోసం కాబోలు, చుట్టూ చూసింది. ఆ పందెంలో అంతవరకే పని. నెల్డా పని అక్కడ మొదలవుతుంది. ఇంకోచోట ఒక బూడిదరంగు ఆడగుర్రం తాడుని ఎంత గట్టిగా లాగిందంటే దూడ నాలుక బయటపెట్టింది. మూడోచోట ఒకాయన చంటిపిల్ల కూడా ఎక్కొచ్చని చెప్పిన గుర్రం ఆమె భుజం కొరికింది. పిల్లలంటే ఇష్టం కాబోలు అనుకుని బండెక్కింది.

ఏప్రిల్ వచ్చింది. కొండ వాలున గడ్డి పచ్చబడుతోంది. దాణా కొట్టువాడు చెప్పాడు, విన్నెముక్కాకి ఉత్తరాన హోయ్ట్ టర్లీ అని ఒక టెక్సస్ ముసలాయన ఉన్నాడని, తను పుట్టించి పెంచిన గుర్రాన్ని అమ్ముతున్నాడని.

టెక్సస్ అనగానే నెల్డా ముఖం చిట్లించింది. అక్కడి పద్ధతి వేరు, ఇక్కడి పద్ధతి వేరు. వాళ్ళు తాడు కొసను జీను కొమ్ముకి ముందే ముడేసి విసురుతారు. ఇక్కడివాళ్ళు విసిరాక కొమ్ముకి చుట్టుకుంటారు, దిగేటప్పుడే ముడేస్తారు. ఎవరి పద్ధతి మంచిదన్న విషయం మీద బార్లలో కుర్చీలు విరిగాయి. అయినా వెళ్ళింది. వెళ్ళడానికి ఇంకో చోటు మిగల్లేదు.

టర్లీ కర్ర ఊతంగా గేటు దగ్గరికి వచ్చాడు. రెండు తుంటి ఎముకలూ అరిగిపోయాయి. డాక్టరు గుర్రం ఎక్కొద్దన్నాడు. నెవాడాకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా అందరూ తనని నిన్నగాక మొన్న దిగినవాడిలాగే చూస్తారని వచ్చీరాగానే ఫిర్యాదు చేశాడు. తర్వాత ఆమె తాడు చుట్ట వైపు, దాని పొడవు వైపు చూశాడు.

"తాడు చుట్టేటప్పుడు మీ వాళ్ళ బొటనవేళ్ళు మధ్యలో ఇరుక్కుని తెగిపోతుంటాయట గదా అమ్మా?"

నెల్డా చేతులు రెండూ ఎత్తి చూపించింది. "రెండూ ఉన్నాయి టర్లీ గారూ."

"అంటే లెక్క చూసుకుంటూ ఉంటారన్నమాట."

గుర్రం పేరు బిషప్. ఎరుపూ బూడిదా కలిసిన రంగు, పొట్టి వీపు, బలమైన తొడలు. ఆ పేరెందుకని అడిగితే, చర్చి బిషప్‌లాగే పిల్లల్ని కనే వీలు లేదు, ఎవరేం చెప్పినా తల వంచుకుని వింటాడు, అందుకని అన్నాడు టర్లీ.

మొదట తన జీనుతో, తన కళ్ళెంతోనే చూడమని టర్లీ పట్టుబట్టాడు. కొత్త మనిషీ కొత్త జీనూ ఒకేసారి వద్దన్నాడు. అతని సామానులో ఇంకేమీ లేదు. జీను, కళ్ళెం, పొట్టి పగ్గాలు. దిగేటప్పుడు పగ్గాలు మెడ మీద వేసేసి ఖాళీ చేతులతో వెళ్ళడమే.

దొడ్డిలో ఒక బలిసిన కోడెదూడని వదిలాడు. నెల్డా తాడు విసిరింది, పడింది. బిషప్ వెనక కాళ్ళ మీద కూర్చున్నట్టుగా ఆగింది. ఆమె దిగింది. దూడ అటు లాగింది, ఇటు లాగింది. గుర్రం దాన్నే చూస్తూ, అది ఎటు జరిగితే అటు ముఖం తిప్పుతూ, తాడుని వీణ తీగలా పట్టుకుంది. మరీ గట్టిగా కాదు, మరీ వదులుగా కాదు. నెల్డా కావాలని నెమ్మదిగా నడిచింది. కావాలని నేల మీద కూర్చుంది. టోపీ తీసి ఊపింది. గుర్రం ఆమె వంక చూడనే లేదు.

ఎంతసేపు ఇలా నిలబడుతుందని అడిగింది. మీకు విసుగెత్తేదాకా అన్నాడు టర్లీ. తనోసారి మధ్యలో సిగరెట్ కాల్చుకున్నాడట.

ఆమె తన ముఖం అతనికి కనపడకుండా దూడ మెడలో తాడు విప్పడానికి వంగింది. కొనేవాళ్ళ కళ్ళు మెరిస్తే ధర పెరుగుతుంది.

కానీ ఆమె తొందరపడే మనిషి కాదు. దొడ్డిలో కంచె ఉంది. కంచె పక్కన యజమాని ఉన్నాడు. ఆమె ఉండే చోట అవి రెండూ ఉండవు. తన జీను వేస్తానంది, బయటి పొలంలో చూస్తానంది, ఆ కాసేపు అతన్ని కనపడకుండా వెళ్ళమంది.

"నా పొలంలోంచి నన్నే పొమ్మంటున్నారా?"

"కాసేపే."

టర్లీ తల గోక్కున్నాడు. బయటి పొలంలో ఒక ఆవు గిట్టలో చీముపట్టి కుంటుతోందట. ఎలాగూ దానికి మందు వెయ్యాలట. సీసా ఆమె చేతిలో పెట్టి, పికప్ ఎక్కి గుట్ట అవతలికి వెళ్ళిపోయాడు.

నెల్డా తన జీను వేసింది. తన కళ్ళెం పెట్టింది. ఆ కళ్ళేనికి గుర్రపు జుట్టుతో పేనిన పొడవాటి తాడు ఉంటుంది. దాని కొసని ఎప్పటిలాగే నడుము బెల్టులో దోపుకుంది. ఇక్కడి పశువుల కాపరి ఎవరైనా అంతే. ముడి వెయ్యరు, దోపుకుంటారు, మరీ లాగితే ఊడి వచ్చేలా. దిగినా, పడినా గుర్రం తాడు కొస చేతికి అందుతుంది. ఆ కొస లేకుండా దిగినవాణ్ణి చూసి నవ్వుతారు.

ఆవుని పొదల మధ్య చూసింది. ఎముకల గూడులా ఉంది, కానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నొప్పి దాన్ని మంచిదాన్ని చెయ్యలేదు. రెండో విసురుకి తాడు మెడకు పడింది. తాడుని దాని తుంటి మీదుగా వేసి, గుర్రాన్ని పక్కకి తిప్పి తోలింది. ఆవు కాళ్ళు తేలిపోయి పక్కకి ఒరిగి పడింది. బిషప్ ఆవు వైపు తిరిగి నిలబడింది. తాడు బిగిసింది. నెల్డా కొమ్ముకి ముడేసి దిగింది.

మందు సీసా, కాళ్ళు కట్టే పలుపు తీసుకుని ఆవు వైపు నడిచింది.

సగం దూరం వెళ్ళాక ఏదో తేడా తోచింది. శబ్దం. వెనక గులకరాళ్ళు కదిలిన శబ్దం. పక్కనే గాలిలో ఉండాల్సిన తాడు నేల మీద పడి ఉంది.

తల తిప్పింది. బిషప్ ఆమె వెనకే నడిచి వస్తోంది.

తల మళ్ళీ ఇటు తిప్పేసరికి ఆవు లేచింది.

పరుగెత్తే వ్యవధి లేదు. పక్కకి దూకింది. ఆవు నుదురు ఆమె తుంటిని తాకింది. ఆకాశం ఒకసారి కిందికి వచ్చి పైకి వెళ్ళింది. నోటి నిండా మట్టి. మందు సీసా రాయికి తగిలి పగిలింది. ఆవు తిరిగింది. నెల్డా నిలబడలేదు, పాకింది. ఎటు పాకాలో తెలిసే పాకింది. గుర్రం కడుపు కిందికి. బెల్టులోంచి ఊడిన తాడు కాళ్ళకి చుట్టుకుంటోంది. ఆవు వచ్చి గుర్రం భుజానికి గుద్దుకుంది. బిషప్ కదలలేదు. ఆమె అటువైపు తేలి, జీను పట్టుకుని, కాలు అందితే కాలు, చెయ్యి అందితే చెయ్యి అన్నట్టు పైకెక్కింది. గుర్రాన్ని వెనక్కి నెట్టింది. తాడు బిగిసింది. ఆవు ఆగింది. దూరంలో ఆగి, బుసలు కొడుతూ చూసింది.

హారన్ మోగించుకుంటూ పికప్ గుట్ట దిగింది. టర్లీ ఎక్కడికీ పోలేదు. గుట్ట మీంచి చూస్తూనే ఉన్నాడు.

"బతికున్నావా?" అని కిటికీలోంచి అరిచాడు. మర్యాదలు గుట్ట మీదే వదిలేసి వచ్చాడు.

బతికే ఉన్నానంది. తుంటి కమిలింది, అంతే. ఆవు మెడలోంచి తాడు వదిలించారు. అది కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. నెల్డా దిగి, చొక్కా దులుపుకుని, జీను విప్పడం మొదలుపెట్టింది. పట్టీ ముడి రావడం లేదు.

"దొడ్డిలో మీరున్నారు కాబట్టి నిలబడింది," అంది. "ఒంటరిగా వదిలితే వెంటపడింది. నాకు పనికిరాదు."

టర్లీ కర్ర ఊతంగా బండి దిగాడు. గుర్రం భుజం మీద ఆవు గుద్దిన చోట నిమిరాడు. తర్వాత ఆమె బెల్టు వైపు చూశాడు.

"వాడు వెంటపడలేదమ్మా. మీరు పిలిచారు."

"నేను నోరే విప్పలేదు."

"నోటితో కాదు." కర్ర కొసతో నేల మీది జుట్టు తాడుని కదిపాడు. "ఇది మీ నడుముకి ఉంది. మీరటు నడిచారు, వాడి తల అటు లాగింది. వాడికి తెలిసిన అర్థం ఒకటే, రమ్మని. వచ్చాడు. వచ్చినందుకు తిడితే ఎలా?"

ఇక్కడ అందరం అలాగే దిగుతామంది నెల్డా. తెలుసన్నాడు టర్లీ. అందుకే ఇక్కడి గుర్రాలకి చిన్నప్పుడే నేర్పుతారు, ఆ తాడు కదిలితే వెనక్కి జరగాలని. వీడు చదివింది టెక్సస్ చదువు. తాడు తీసేసి వెళ్తే బండరాయిలా ఉంటాడు. కొత్త పాఠం నేర్పడానికి ఒక వేసవి పడుతుంది. ఆమెకి వేసవి లేదు. డగెట్ వచ్చే వారమే వస్తున్నాడు.

"తాడు లేకుండా నేను దిగను."

"ఎందుకని?"

ఆమె పట్టీ ముడి లాగుతూనే ఉంది. వెస్ వెళ్ళిపోయిన ఏడాదే ఒకసారి కొండ మీద గుర్రం దిగి గేటు సరిచేస్తుంటే గుర్రం బెదిరి పోయింది. మంచు మొదలైంది. క్యాంపు చేరేసరికి ఎడమ కాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. అవి ఇప్పుడు లేవు. కానీ ఆమెని వెంటాడింది ఆ వేళ్ళు కాదు. గుర్రం వెళ్ళిపోయాక, దాని డెక్కల చప్పుడు వినపడటం మానేశాక, తన పేరు తనే గట్టిగా పిలుచుకుని చూసింది. ఎందుకు పిలుచుకుందో తెలియదు. ఆ గొంతు ఎంత చిన్నగా వినపడిందో మాత్రం మర్చిపోలేదు. ఆ రోజు తర్వాత ఏటి దగ్గర నీళ్ళు తాగడానికి వంగినా సరే, తాడు కొస నడుములో ఉండాల్సిందే.

బేరం లేదంది. జీను తీసి తన బండి వెనకున్న గుర్రపు ట్రైలర్‌లో పడేసింది. టర్లీ బతిమాలలేదు. గుర్రం తలకి మామూలు తాడు తగిలించి, దాని కొస నేల మీద వదిలేసి, ఆవు ఎటు పోయిందో చూసి వస్తానని పికప్‌లో వెళ్ళిపోయాడు.

నెల్డా బండిని రోడ్డు గేటు దాకా పోనిచ్చింది. గేటు తియ్యడానికి దిగింది. తుంటి సలిపింది. డగెట్‌కి ఏం చెప్పాలో మనసులో మాటలు కూర్చుకుంటోంది. రాంచ్‌లో తనకి ఇస్తానన్న ట్రైలర్‌కి కిటికీ ఎటువైపుందో గుర్తు తెచ్చుకుంటోంది. వంటశాల వైపు. పొద్దున్నే గిన్నెల చప్పుడు. రోజూ ఎవరో ఒకరు తలుపు కొట్టి బాగున్నావా అని అడుగుతారు. బాగున్నానని చెప్పాలి.

అప్పుడు కంచె పక్కనుంచి దుమ్ము లేచింది. పక్క పొలం గుర్రాల గుంపు, పది పన్నెండుంటాయి, దేనికో బెదిరి కంచె వెంట దౌడు తీస్తోంది. నేల అదిరింది. ఎంత మంచి గుర్రమైనా ఆ చప్పుడికి తోకెత్తి కలిసిపోతుంది. అది వాటి రక్తంలో ఉంది.

నెల్డా పొలం మధ్యకి చూసింది. బిషప్ వదిలిన చోటే ఉంది. ఒంటరిగా. పొదల మధ్య దాని చుట్టూ ఏమీ లేదు, దగ్గరలో టర్లీ లేడు, పికప్ లేదు. నేల మీద పడి ఉన్న తాడు కొస తప్ప దాన్ని పట్టి ఉంచేదేమీ లేదు. గుంపు దాని ఎదురుగా సాగిపోయింది. అది ఒక చెవి అటు తిప్పింది. మళ్ళీ యథాస్థానంలో పెట్టుకుంది.

గేటు చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు చూసింది. దుమ్ము అణిగింది. గుర్రం అక్కడే ఉంది. ఎవరి కోసమూ చూడటం లేదు.

గేటు మూసి, బండి వెనక్కి తిప్పింది.

ఆవుని మళ్ళీ పట్టడం మొదటిసారి కంటే కష్టమైంది. ఇప్పుడు దానికి తెలుసు. ఎట్టకేలకు పడింది. తాడు బిగిసింది. నెల్డా కొమ్ముకి ముడేసింది. బెల్టులోంచి జుట్టు తాడు కొస తీసింది. చుట్టి జీనుకి తగిలించింది. దిగింది.

మొదటి అడుగు వేసేటప్పుడు చెయ్యి దానంతట అదే నడుము దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తెచ్చుకుని టర్లీ ఇచ్చిన రెండో సీసా పట్టుకుంది. నడిచింది. పక్కనే తాడు గాలిలో ఉంది. గాలికి సన్నగా మోగుతోంది. వెనక్కి చూడాలనిపించింది. చూస్తే నడవలేనని తెలుసు. చూడలేదు. ఆవు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. కాళ్ళు కట్టింది. ఉచ్చు కొంచెం వదులు చేసి ఊపిరాడనిచ్చింది. గిట్టల మధ్య చీము కడిగింది. మందు పోసింది. ఆవు ఒకసారి లేవబోయింది. తాడు ఠక్కుమని బిగిసింది. ఆవు తల నేలకి వాలింది.

పని అయ్యాకే తల ఎత్తింది. బిషప్ అదే చోట, అదే చూపుతో ఉంది.

ధర విషయంలో ఇద్దరూ ఎక్కువ మాట్లాడలేదు. అతను చెప్పింది న్యాయంగానే ఉంది, ఆమె ఇచ్చింది. చేతులు కలిపారు. టర్లీ గుర్రాన్ని ట్రైలర్ ఎక్కించనన్నాడు. మీరే ఎక్కించుకోండన్నాడు. కంచె వైపు తిరిగి నిలబడి, పొయ్యి మీద కాఫీ ఉంది, తాగి వెళ్ళండన్నాడు.

"దారి దూరం టర్లీ గారూ."

"ఎటు చూసినా దూరమేనమ్మా ఇక్కడ."

ఆమె బండెక్కింది. మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూసింది. అతను ఖాళీ దొడ్డి గేటుకి గడియ పెడుతున్నాడు. లోపల ఏమీ లేకపోయినా పెడుతున్నాడు. కాఫీ తాగి ఉంటే ఎంతసేపు పట్టేది అనుకుంది. కానీ బండి ఆపలేదు. అక్కడ కూర్చుని ఏం మాట్లాడాలో తెలియదు. ఎవరితోనైనా ఏం మాట్లాడాలో మర్చిపోయి చాలాకాలమైంది.

పశువుల్ని తోలే రోజున డగెట్ మాట ప్రకారం వచ్చాడు. పికప్ దిగి బానెట్‌కి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. కంటికి పుండు పడ్డ ఎదిగిన దూడ ఒకటి దొరికింది. తల్లి పక్కనే కాలు దువ్వుతోంది. నెల్డా తాడు విసిరింది. కింద పడేసింది. దిగింది. ఆమె నడుములో తాడు కొస లేకపోవడం డగెట్ గమనించాడు. ముందుకి ఒక అడుగు వేశాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. అతను ఆగాడు.

దూడ కాళ్ళు కట్టింది, కంట్లో మందు వేసింది. తల్లి ఆవు రెండుసార్లు మీదికి వచ్చినట్టే వచ్చి ఆగింది. గుర్రం దూడ మీంచి చూపు తిప్పలేదు.

"టెక్సస్ గుర్రమా?" అన్నాడు డగెట్ చివరికి.

"అవును."

"బయట ఎవరికీ చెప్పకు."

అంతే అన్నాడు. ఐడహో వాళ్ళని దక్షిణాన ఉన్న ఇంకో క్యాంపుకి పంపిస్తానన్నాడు. శీతాకాలానికి కట్టెలు ముందే పంపిస్తానన్నాడు. ఏదైనా కావాలా అని అడిగాడు. ఏమీ వద్దంది. నిజంగానే ఏమీ గుర్తు రాలేదు. అతను టోపీ అంచు తాకి, బండెక్కి వెళ్ళిపోయాడు.

నెల్డా దూడ పక్కనే మోకాళ్ళ మీద ఉండిపోయింది. కట్లు ఇంకా విప్పలేదు. కొండ మీదంతా ఎండ. క్యాంపు ఇక ఆమెదే. ఇక ఎవరూ రారు, శరత్కాలం దాకా.

"చూశావా?" అంది గుర్రంతో. "వెళ్ళిపోయాడు."

డైమ్ అయితే గొంతు వినగానే చెవి ఇటు తిప్పేది. ఒక్కోసారి ముక్కుతో చిన్న చప్పుడు చేసేది, సగం మాట దానిదే అయినట్టు. బిషప్ చెవులు దూడ వైపే ఉన్నాయి. ఆమె ఇంకోసారి అంది, కొంచెం గట్టిగా. చెవులు కదలలేదు. ఆమె నిలబడాలా, కూర్చోవాలా, మాట్లాడాలా, మానాలా అన్నది దాని పని కాదు. దాని పని తాడు. ఇలాంటి గుర్రం కోసమే ఆమె చలి పోయినప్పటి నుంచి తిరిగింది.

కట్లు విప్పింది. ఉచ్చు తీసింది. దూడ లేచి తల్లి పొట్ట కిందికి దూరింది. నెల్డా తాడు చుట్టుకుంటూ గుర్రం దగ్గరికి నడిచి, మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. గుర్రం వద్దనలేదు, దగ్గరికీ జరగలేదు.

కింద లోయలో డగెట్ బండి లేపిన దుమ్ము ఇంకా కనపడుతోంది. అది పూర్తిగా అణిగేదాకా చూసింది. తర్వాత జీను ఎక్కి, మందలో కుంటేవి ఇంకేమైనా ఉన్నాయేమో చూడటానికి పైకి తోలింది.